జగన్నాథరావు గారి రాజీనామా

కోపమొస్తే మామూలు మనుషులు తలుపు దభాలున వేస్తారు. జగన్నాథరావు గారు రాజీనామా రాస్తారు. భీమవరం నుంచి వచ్చి, సర్కారీ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై, బహదూర్‌పురాలో ఇల్లు కట్టుకున్నా ఆ అలవాటు పోలేదు. ఆఫీసులో అదో లాంఛనం. ఈయన రాసిచ్చేవారు, పై ఆఫీసరు బతిమాలి చింపేసేవాడు, ఆ తర్వాత అందరూ సమోసాలు తినేవారు.

ఆదివారం కాలనీ మీటింగులోనూ అదే వరస. సదర్ పండక్కి దున్నపోతుల్ని మన గల్లీలోంచే ఊరేగిస్తామన్నాడు ప్రెసిడెంటు రామ్‌చందర్. తాతల నాటి నుంచీ వాళ్లది అక్కడే పాలవ్యాపారం. సెక్రటరీ హోదాలో ఈయన అర్జీ పెట్టమన్నారు.

"పండుగకు అర్జీ ఏంది సార్?" అని రామ్‌చందర్ నవ్వాడు.

ఆ నవ్వుకి ఈయనకి ఒళ్లు మండింది. "బర్రెల మధ్య పెరిగినవాడికి పద్ధతులేం తెలుస్తాయ్!" అనేశారు. అని ఊరుకున్నారా, అక్కడికక్కడే రాజీనామా రాసి బల్లమీద పడేశారు.

రామ్‌చందర్ చింపలేదు, బతిమాలలేదు. కాగితాన్ని సెక్రటరీ అయిన ఈయన వైపే జరిపాడు. ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? ముందుకొచ్చిన కాగితం మీద 'ఆమోదించడమైనది' అని రాసి, స్టాంపు గుద్ది, సంతకం గీకేసింది. తన రాజీనామాను తనే ఆమోదించుకున్న మొనగాడు! జనమంతా గొల్లుమన్నారు. రామ్‌చందర్ ఒక్కడే నవ్వలేదు.

పోయిన పదవి గురించి ఈయనకి దిగుల్లేదు. పొద్దున్నే గేటు తట్టి "సార్, చాయ్‌కి పోదామా?" అనే రామ్‌చందర్ రావడం మానేశాడే, అదీ బాధ. ఒంటరిగా హోటలుకెళ్లి చాయ్ సగంలోనే వదిలేసి వచ్చేశారు. రిటైరయ్యాక సంపాదించుకున్న ఒక్కగానొక్క స్నేహితుడు మరి.

ఆ దిగులు చూడలేక ఆయన భార్య రాజరాజేశ్వరే నోరు విప్పింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ల దగ్గర ఉర్దూ బాగానే పట్టిందావిడ.

"ఉర్దూలో రాజీనామా అంటే ఉద్యోగం మానెయ్యడం కాదండీ. దానికి ఇస్తీఫా అంటారు. తగువు పడ్డవాళ్లు రాజీపడి రాసుకునే కాగితమే రాజీనామా. మన తెలుగులోకి వచ్చేసరికి ఆ మాటకి అర్థమే మారిపోయింది."

ఈయనకి ప్రాణం లేచొచ్చింది. చొక్కా తొడుక్కుని నేరుగా రామ్‌చందర్ కొట్టంలోకి వెళ్లారు.

"నేను రాసింది మీ ఉర్దూ రాజీనామా అనుకో రామ్‌చందర్. రాజీపడ్డట్టే కదా!"

రామ్‌చందర్ గడ్డి వేస్తూనే అన్నాడు. "కోర్టు కచేరీల తిరిగినోన్ని సార్, నాకు రెండు మతలబులు ఎరుకనే. గా కాగితంతోని నాకేం ఫికర్ లేదు. మరి బర్రెల మాటన్నరు గదా, దానికి ఏ భాషల మంచి మతలబ్ ఉన్నదో చెప్పుండ్రి."

జగన్నాథరావు గారి చూపు గడ్డిమోపు మీదికి మళ్లింది.

"ఆ దినం మీటింగుల నా బిడ్డ నందిని ఆడనే కూసున్నది. గంత మాటంటే ఊకున్నవేంది బాపూ అని అడిగింది. ఏం చెప్పాలె?"

"తప్పయింది రామ్‌..."

"నలుగురిల అన్న మాట గీడ బర్రెల ముందర వాపసు తీసుకుంటరా? మా పద్ధతిల గట్ల నడవది సార్."

మరుసటి మీటింగుకి జగన్నాథరావు గారు కాగితం, కలం లేకుండా వెళ్లారు. లేచి నిలబడ్డారు.

"అమ్మా నందినీ, మీ నాన్నని అనకూడని మాటన్నాను."

"నాకెందుకు చెప్తరు అంకుల్? మా బాపుకు చెప్పుండ్రి" అందా పిల్ల, చూపు తిప్పకుండా.

ఆయన అటు తిరిగారు. సాకులు చెప్పలేదు, అర్థాలు వెతకలేదు. "తప్పయింది రామ్‌చందర్. క్షమించు" అన్నారు.

రామ్‌చందర్ కుర్చీలోంచి లేచాడు. దగ్గరికొచ్చి, అలాయ్ బలాయ్ అంటూ రెండు చేతులా గట్టిగా కావిలించుకున్నాడు. భీమవరం మర్యాదల్లో పెరిగినవాడికి మగవాళ్లు ఇలా వాటేసుకుంటే ఏం చెయ్యాలో తెలియదాయె. కొయ్యలా నిలబడ్డారు.

"జరంత గట్టిగ పట్టుకోండ్రి సార్" అన్నాడు రామ్‌చందర్ ఆయన చెవిలో.

జగన్నాథరావు గారు పట్టుకున్నారు. పట్టుకుని, అంతమంది ముందూ సిగ్గు లేకుండా ఏడ్చేశారు.