అక్క నరంలో చిన్న పింజర

ఇంత తేటగా ఉందేమిటి అక్క నరంలోకి ఎక్కే ఈ మందు, నీళ్ళకీ దీనికీ తేడా తెలియడం లేదు, మా పాముల కేంద్రంలో తీసే విషం లేత పసుపుగా ఉంటుంది, గాజు గిన్నె మూతికి బిగించిన పల్చటి పొరలో పాము కోరలు దిగితే లోపలి అంచు వెంట మెల్లగా జారుతుంది, చిన్న పింజర పాముదైతే ఆవగింజంత కూడా రాదు, దాన్ని ఎండబెట్టి పంపిస్తే కొందరు విరుగుడు చేస్తారు, కొందరు ముక్కలుగా విడదీసి ఏ ముక్క ఒంట్లో ఏం చేస్తుందో చూస్తారు, పదకొండేళ్ళుగా నా పని ఇదే, మొదటి రోజే పాము మెడ పట్టుకున్న నా చేయి చూసి మా పెద్దాయన, ఈ పట్టు నీకెవరు నేర్పారయ్యా, అని అడిగితే ఎవరూ లేదండీ, దానంతటదే వచ్చింది, అని గొప్పగా చెప్పాను, అదంతా ఇప్పుడెందుకు, అక్క నిద్రపోతోంది, సీసా సగమైంది, ఈ మందుకి ఒప్పుకుంటూ సంతకం పెట్టింది నేనే, ఏమైనా అయితే నేనే.

పొద్దున డాక్టరమ్మ కాగితం చేతికిచ్చి, మీ అక్కగారి గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందండీ, తీగ పంపి తెరిచాం, మళ్ళీ గడ్డ కట్టకుండా రేపటిదాకా ఈ మందు ఎక్కాలి, ఎక్కడైనా నెత్తురు కారే ప్రమాదం కొంత ఉంది, అంది, నేను మందు పేరు చదివి, ఇది చిన్న పింజర విషాన్ని చూసి చేసిందే కదండీ, అన్నాను, ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, మీకెలా తెలుసు, అంది, పాముల విషం తీస్తానండీ అంటే ఒక అడుగు వెనక్కి వేసి, తర్వాత తనే నవ్వి, ఇందులో విషం లేదండీ, ఆ విషంలోని ఒక ముక్క రక్తకణాలు ఒకదాన్నొకటి పట్టుకోకుండా ఎలా ఆపుతుందో చూసి, ఆ పోలికలో ఫ్యాక్టరీలో తయారుచేసింది, అంది, తెలుసు, తెలుసు కాబట్టే కాగితం రెండోసారి చదివి సంతకం పెట్టాను, ఆ ముక్కకీ నాకూ ముఖపరిచయం ఉంది, ఆరేళ్ళ కిందట నా ఒంట్లోకే వచ్చింది.

తప్పు పాముది కాదు, పెట్టె తెరిచే ముందు మూత మీద రెండుసార్లు తట్టాలి, మనం వస్తున్నట్టు లోపలున్నదానికి తెలియాలి, పెద్దాయన నేర్పిన మొదటి పాఠం అదే, ఆ రోజు ఏదో ఆలోచిస్తూ తట్టకుండా తెరిచాను, బొటనవేలికి గుండుసూది గుచ్చుకున్నట్టనిపించింది, సాయంత్రానికి చిగుళ్ళ నుంచి నెత్తురు, అక్క బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్నది కుడుతున్నట్టే వదిలేసి, మెడలో కొలత టేపుతోనే పరిగెత్తుకొచ్చింది, తువ్వాలుతో నా మూతి తుడుస్తూ కూర్చుంది, నర్సు నా నెత్తురు గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత వంచి చూసేది, గడ్డకడితే గండం గడిచినట్టు, జారితే విషం పని ఇంకా సాగుతున్నట్టు, వంచినప్పుడల్లా జారింది, వంచినప్పుడల్లా అక్క కళ్ళు మూసుకుంది, విరుగుడు ఎక్కిస్తూనే ఉన్నారు, రెండో రోజు మధ్యాహ్నం గొట్టం వంచితే నెత్తురు కదల్లేదు, అక్క ఆ నర్సును కావిలించుకుని ఏడ్చేసింది, ఆ ఏడుపులోనే నా వైపు తిరిగి, ఒరేయ్, నువ్వా పాముల పని మానేదాకా నీ చేతి మంచినీళ్ళు ముట్టను, ఒట్టు, అంది.

నేను మానలేదు, ఆమె ముట్టలేదు, ఆరేళ్ళు, వండి పెడుతుంది, తిడుతుంది, ఊడిన గుండీలు కుడుతుంది, నేను గ్లాసు అందిస్తే మాత్రం బల్ల మీద పెట్టు అంటుంది, పెడితే పారబోసి తనే పోసుకుంటుంది, అంత మొండిఘటం, నాకెక్కించిన విరుగుడు కూడా నాలాంటివాడు ఎవడో పాము మెడ పట్టుకుంటేనే వచ్చింది కదా అక్కా అని ఒక్క మాట అనలేకపోయాను, అంటే మళ్ళీ ఏడుస్తుందని భయం, ఇప్పుడు ఆమె పెదవుల అంచున ఎర్రగా ఏమైనా కనిపిస్తుందేమోనని భయం, చూడాలి, మంచం చువ్వ మీద రెండుసార్లు తట్టాను, అలవాటు, అక్క కళ్ళు తెరిచింది, నేనేమన్నా పెట్టెలో ఉన్నానట్రా, అంది, నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది, ఏదీ, ఒకసారి నోరు తెరువు, ఎందుకురా, తెరువక్కా, చిగుళ్ళు శుభ్రంగా ఉన్నాయి, నెత్తురు లేదు, ఇంకోసారి చూశాను, లేదు.

ఏం మందురా అది, అని అడిగింది, బలానికి అనొచ్చు, నమ్ముతుంది, కానీ ఆరేళ్ళు నోరు మెదపకుండా ఉండి ఏం బావుకున్నాను, చెప్పేశాను, చిన్న పింజర, ముక్క, పోలిక, ఫ్యాక్టరీ, అన్నీ గబగబా, అక్క సీసా వైపు చాలాసేపు చూసింది, కత్తిరించబోయే ముందు గుడ్డను అలాగే చూస్తుంది, అయితే నిన్ను చంపబోయిందే నన్ను బతికిస్తోందా, అంది, అది కాదక్కా, దాన్ని చూసి చేసింది, అన్నాను, ఏదో ఒకటిలే, చూడాలన్నా ఎవడో ఒకడు దాన్ని పట్టుకునే ఉంటాడుగా, అంది, ఉంటాడక్కా, అన్నాను, వాడికీ ఓ అక్క ఉండే ఉంటుంది, పాపం, ఎంత ఏడ్చిందో, అని పెదవులు తడుపుకుని, దాహంగా ఉందిరా, అంది, నర్సు దూరం నుంచే ఒక్క గుక్క ఇవ్వొచ్చు అన్నట్టు వేలు చూపించింది, గ్లాసులో నీళ్ళు పోసి, అలవాటుగా పక్కనున్న బల్ల మీద పెట్టాను, అక్కడ పెట్టావేం, నా చేతులకు గొట్టాలున్నాయి కనిపించట్లేదూ, నువ్వే పట్టు, అంది.

నేనే పట్టాను, ఒక చేత్తో గ్లాసు, రెండో చేయి ఆమె గడ్డం కింద, బొటనవేలు ఒక పక్క దవడకి, చూపుడువేలు ఇంకో పక్కకి, బిగిస్తే నొప్పి, వదిలితే తల వాలిపోతుంది, పాముననుకున్నావట్రా, పారిపోనులే, అంటూ గుటక వేసింది, ఆరేళ్ళ తర్వాత ఒక్క గుక్క, నాకు కళ్ళ నీళ్ళాగలేదు, వేళ్ళు మాత్రం కదల్లేదు, ఈ వేళ్ళు ఇలా ఉండటం ఎక్కడో చూశాను, చూడటం కాదు, నా గడ్డానికే తెలుసు, అమ్మ పోయిన ఏడాది, నాకు ఐదేళ్ళు, అక్కకు పదమూడు, జ్వరం మందు చేదని నేను పళ్ళు బిగిస్తే, గడ్డం కింద సరిగ్గా ఇక్కడే రెండు వేళ్ళు ఆనించి, నొప్పి పుట్టకుండా, వదిలిపెట్టకుండా, మింగేదాకా అలాగే పట్టుకునేది, పెద్దాయనకి తప్పు చెప్పాను, ఈ పట్టు నాకు నేర్పింది అక్కే.