ఆరో చుక్క

మదనపల్లె బస్టాండు ఎదురుగా ఉషారాణి డీటీపీ సెంటరు. పొద్దున్నే షట్టరెత్తి, కంప్యూటరుకు ఊదొత్తి తిప్పి, స్క్రీను తుడిచి పెండ్లి కార్డుల పనిలో పడుతుంది. రెండువేల ఆరులో సరదాపడి పల్చటి స్క్రీను కొనింది. కొన్న నెలలోనే ఆమె పుట్టినూళ్ళో, పుంగనూరు పక్కన, గంగప్ప బోరు ఎండిపోయింది. ఆ రోజే స్క్రీను మీద వెలిగే లక్షల చుక్కల్లో ఒక చుక్క నల్లబడింది. తర్వాత రామప్ప బోరు ఎండితే ఇంకో చుక్క. ఊళ్ళో బోరు పోతే ఈడ చుక్క చస్తుంది, అంతే. దాన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. మార్కెట్ యార్డుకు టమోటాలు తెచ్చినోళ్ళు షాపులోకి తొంగిచూసి, ఇది నాదేనని వేలుపెట్టి చూపించి, టీ తాగి బస్సెక్కేవాళ్ళు.

ఇబ్బందల్లా ఉషారాణికే. పెండ్లికూతురి ఫోటో తెరిస్తే నుదుటి మీద నల్లచుక్క. కార్డు చూసుకునేదానికి వచ్చిన పెద్దోళ్ళు అపశకునమని గొణుక్కుంటా పక్క షాపుకు పోయేవాళ్ళు. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకాయన చానా మర్యాదగా చెప్పినాడు. ఐదు చుక్కల దాకా చచ్చినా లోపం కిందికి రాదంట, స్టాండర్డే అట్ల ఉందంట, ఆరోది చస్తే కొత్త స్క్రీను ఇస్తారంట. ఏం స్టాండర్డో, ఏం పాడో! ఐదు బోర్లు ఎండినా ఊరికి ఏమీ కానట్టే కదా. అప్పటికే ఐదు చుక్కలూ చచ్చినాయి. వారంటీ ఫోన్ చేసిన ఆ నెలాఖరు దాకానే. షాపు నిలబడాలంటే ఇంకో బోరు చావాల, ఊళ్ళో మిగిలింది అక్కమ్మ బోరు ఒకటే.

అక్కమ్మ నిన్నమొన్నటి దాకా కూలికి పోయిన మనిషి. సర్కారిచ్చిన ఎకరంలో బోరేసి టమోటా పెట్టింది. యార్డుకు వచ్చినప్పుడల్లా ఉషారాణి వెనక నిలబడి, నల్లబడినవాటి పక్కనే ఉండే తన చుక్క వెలుగుతా ఉందా లేదా చూసుకొని పోయేది. ఆమె అట్ల పోగానే ఉషారాణి ఆ చుక్కనే చూస్తా కూర్చునేది. చావు అని నోటితో అనలేదు గానీ మనసులో అనుకునేది. అనుకున్నందుకు లెంపలేసుకొని, మళ్ళీ అనుకునేది.

ఒక రోజు ఆ చుక్క ఎర్రగా మసకబారింది. ఉషారాణి వెంటనే ఫోన్ చేసింది. బెంగళూరు నించి భరత్ అనే మెకానిక్ వచ్చి, భూతద్దం పెట్టి చూసి పెదవి విరిచినాడు.

"ఇది సగమే చచ్చింది మేడమ్. సగం చచ్చినవి లెక్కలోకి రావు."

బొటనవేలికి గుడ్డ చుట్టి గట్టిగా నొక్కితే కొన్ని వెలుగుతాయి, కొన్ని పూర్తిగా పోతాయి అన్నాడు. తను మాత్రం నొక్కకూడదంట, కంపెనీ ఒప్పుకోదంట.

అక్కమ్మ అప్పటికే వచ్చి తలుపు దగ్గర నిలబడి అంతా వినింది. "నొక్కు ఉషమ్మా," అనింది.

"అది నీ బోరు కదా అక్కమ్మా. పూర్తిగా పోతే?"

"పోనీలేమ్మా. మోటరేస్తే చారెడు నీళ్ళు వస్తాండాయి. పైరుకు సాలవు. అవి సూసుకొనే నేను యాడికీ పోలేక ఆడే పడుండాను. నీళ్ళుండే బోరును ఎట్ల ఇడిసిపెట్టేది అనిపిస్తాది. నొక్కు. నీకైనా కొత్త స్క్రీను రానీ."

ఉషారాణి వేలికి గుడ్డ చుట్టుకుంది. చుక్క వెలగాలని నొక్కుతుందో, చావాలని నొక్కుతుందో ఆమెకు బాగా తెలుసు. కండ్లల్లో నీళ్ళు తిరుగుతా ఉంటే గట్టిగా నొక్కి పట్టుకుంది. వేలు తీసేసరికి ఎరుపు పోయి నల్లబడింది. భరత్ కాగితం మీద ఆరు అని రాసుకున్నాడు.

మరుసటి రోజు అక్కమ్మ మోటరేస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమె ఏడవలేదు. స్టార్టరు డబ్బాకు తాళమేసి, మూట కట్టుకొని కుప్పం పోయి, బెంగళూరు రైలెక్కింది. ఆడ ఇండ్లు కట్టే పనిలో ఇటుకలు మోస్తా ఉందని ఎవరో చెప్పినారు.

వారంలో కొత్త స్క్రీను వచ్చింది. పెండ్లికూతుళ్ళ మొహాలు తేటగా కనిపిస్తాండాయి, షాపు నిలబడింది. ఉషారాణి రోజూ పొద్దున్నే భయం భయంగా స్క్రీను మూల మూలా వెతుకుతుంది. ఒక్క చుక్క కూడా చావడం లేదు. చచ్చేదానికి ఊళ్ళో బోరేదీ మిగల్లేదు.