పగిలిన నీలం బకెట్

వంతెనను ఎత్తుకుపోయిన వరద తర్వాత మూడో ఏడు. మూతపడ్డ బొగ్గుగని దగ్గర్నుంచి సముద్రం దాకా చిన్న పడవలో ఒంటరిగా వెళ్తానని, దారి పొడవునా నదిలో చెత్త ఏరేస్తానని బామ్మర్ది ఊరంతా చాటాడు. సామాన్ల వ్యాన్ తోలే పని అతని బావ నెత్తిన పడింది.

బయల్దేరేటప్పుడు అక్క, తండ్రి గనిలో పెట్టుకున్న దీపం టోపీ తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది.

"నాన్న రోజూ ఈ నీళ్ళలోనే మసి కడుక్కునేవాడు. ఈ నీళ్ళు ఎక్కడిదాకా పోతాయో చూడాలనేవాడు, చూడకుండానే పోయాడు. నీళ్ళ మీదే తీసుకెళ్ళరా."

"ప్రాణంలా చూసుకుంటానక్కా" అన్నాడు తమ్ముడు, కెమెరా వైపు తిరిగి.

మొదటి మలుపు తిరగ్గానే పడవ ఒడ్డుకొచ్చింది.

"బావా, భుజాలు పీకేస్తున్నాయి. పడవ వ్యాన్ మీద కట్టెయ్."

"మన వీధి కుక్కల అరుపు ఇంకా వినిపిస్తూనే ఉందిరా" అంటూనే కట్టాడు బావ. టోపీ పక్క సీట్లో పెట్టుకున్నాడు.

ఇక ప్రతి ఊళ్ళోనూ అదే తంతు. ఊరికి కాస్త ముందు పడవ దింపాలి. బావ ముందుగా రేవుకెళ్ళి మూట విప్పి చెత్త పరచాలి. మొదటి రేవులో ఏరిన చెత్తే అది: సీసాలు, తెగిన చెప్పులు, పగిలిన నీలం బకెట్. వీరుడు దిగి, నడుం పట్టుకుని, ఏరేవాడు. చప్పట్లు, దండ, ఫోటో. మూట మళ్ళీ వ్యాన్‌లోకి.

"అసలు చెత్త అక్కడ కుప్పలుగా ఉంది కదరా?"

"అది కంపు బావా. ఇది మనకి అలవాటైన చెత్త."

తిరిగొచ్చాక పాత గని ఆఫీసులో సన్మానం. ఆ ఆఫీసు ఇప్పుడు మ్యూజియం. టోపీ కోసం అద్దాల పెట్టె తుడిచి పెట్టారు. గోడ నిండా ఫోటోలు. అక్క ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళి, మొగుడి ముందు ఆగింది.

"ఏమయ్యా, ఆ నీలం బకెట్ ప్రతి రేవులోనూ ఉందేం? మీ వెనకే ఈదుకుంటూ వచ్చిందా?"

బావ చేతిలోని టోపీని బల్ల మీద పెట్టాడు.

"నాన్న టోపీ నీళ్ళ మీద పోయిందా, లేదా?"

"వ్యాన్‌లో పోయింది. నా పక్క సీట్లో."

ఆవిడ బల్ల మీది టోపీ తీసుకుని, గడ్డం దాకా దండలున్న తమ్ముడి దగ్గరికెళ్ళింది.

"భుజాలు పీకుతున్నాయేమోరా. ఆ దండలు కూడా బావకిచ్చెయ్, మోస్తాడు" అని, టోపీతోనే ఇంటికి నడిచింది. అద్దాల పెట్టె ఖాళీగా మిగిలింది.

మర్నాడు పొద్దున్నే బావ పడవను నీళ్ళలోకి తోశాడు. భార్య ముందు కూర్చుంది, ఒళ్ళో తండ్రి టోపీ. వ్యాన్ తాళాలు బామ్మర్ది చేతిలో పడేశాడు.

"వెనకాలే రా. మేం ఏరిన చెత్త నువ్వు ఎక్కించు. ఎక్కించింది మళ్ళీ దింపకు."

తెడ్డు వేశాడు. మలుపు తిరిగాక కూడా వేస్తూనే ఉన్నాడు.