లైటు ఆపకముందే అద్దం

ఆ బ్యూటీ పార్లర్లో ఆమె అసలు పేరు ఎవరికీ పట్టలేదు. లోపలి గదిలో ముఖాలకి ఎర్రలైటు వేసేది ఆమే కాబట్టి అందరికీ లైటమ్మ అయిపోయింది. ఇంట్లో అక్క ఆ పేరుని ఇంకో రకంగా వాడేది. కూర మాడినా, పాలు పొంగినా, మా లైటమ్మకి ముఖాలు మెరిపించడం తప్ప ఇంకేం వచ్చులే అని దెప్పేది. అక్కది కుట్టుపని. తల్లి పోయాక చెల్లెల్ని తనే పెంచింది. చదివించబోయింది, చదువు అబ్బలేదు. కుట్టు నేర్పబోయింది, అదీ అబ్బలేదు. నెత్తి కొట్టుకుని ఊరుకుంది. కుడికాలితో మిషను తొక్కీ తొక్కీ ఇల్లు నడిపిన మనిషి ఆమె. ఆ మనిషి నోట ఒక్కసారి భేష్ అనిపించుకోవాలని లైటమ్మ ఎంత తపించిపోయేదో చెప్పలేం. నన్నడిగితే, జరిగిన అనర్థమంతా ఆ తపనలోంచే పుట్టింది.

పార్లర్లో ఆమె పని కష్టమైందేం కాదు. వచ్చినవాళ్ళని మంచం మీద పడుకోబెట్టాలి, కళ్ళకి నల్ల అద్దాలు పెట్టాలి, గదిలో ట్యూబులైటు ఆర్పి, బోలెడు చిన్న చిన్న ఎర్రబల్బులున్న పలకని ముఖం మీదికి వంచాలి. మొటిమల పిల్లలు, కాన్పు తర్వాత మచ్చలు పడ్డ తల్లులు, వయసుని ఒప్పుకోని పెద్దమనుషులు, అందరూ ఆ మంచం ఎక్కినవాళ్ళే. ఓనరు మేడమ్ పెట్టిన రూలు ఒకటే: లైటు ఆపకముందే అద్దం చూపించాలి. ఎందుకంటే ఎర్ర వెలుతుర్లో ఎర్రమచ్చ కనపడదు. ఎంత కందిన ముఖమైనా అందులో నున్నగా, పాలిపోయినట్టు తెల్లగా ఉంటుంది. లైటు వల్ల అసలు మేలే లేదని కాదు, కొందరికి ఎంతో కొంత తగ్గేది. కానీ ఎప్పటికో కనపడే మేలుని ఆ పూటే చూపించి పంపాలంటే అద్దమే దిక్కు. లైటమ్మకి ఈ సంగతి తెలుసు. జీతం తీసుకునేవాళ్ళు తెలియనట్టుండాల్సిన సంగతుల్లో ఇదొకటని ఊరుకుంది. కొన్నాళ్ళకి, ఊరుకుంటున్న సంగతి కూడా మరిచిపోయింది.

అలా ఉండగా ఒకరోజు వేడి ఇస్త్రీపెట్టె అంచు అక్క కుడిపాదానికి ఆనింది. షుగరు వల్ల ఆ పాదం ఎప్పుడో మొద్దుబారిపోయింది. కాలిన వాసన వచ్చాక గానీ కాలింది తన కాలేనని అక్కకి తెలియలేదు. మందుల షాపతను పుండు చూసి మొహం మాడ్చుకున్నాడు. షుగరున్నవాళ్ళు కాలి పుండుతో ఆటలాడకూడదని, వెంటనే పెద్దాసుపత్రిలో చూపించుకోమని చెప్పాడు. అక్క వెళ్దామనే అనుకుంది. వెళ్ళడానికి చీర కూడా తీసిపెట్టుకుంది.

ఆపింది లైటమ్మే.

పార్లర్ గోడ మీద మిషన్ కంపెనీవాళ్ళు అంటించిన బొమ్మ ఉంది. చర్మానికి మెరుపు, గాయాలకి ఉపశమనం అని దాని కింద రాసి ఉంటుంది. అక్కకి అదంతా చెప్పింది. ఆసుపత్రిలో కోస్తారని, గీస్తారని భయపెట్టింది. అక్క తీసిపెట్టుకున్న చీరని ఒళ్ళోకి తీసుకుంది.

"నిజంగా తగ్గుతుందా?"

"నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా అక్కా?"

ఇలా అడిగాక ఇంక ఎవరు మాత్రం కాదంటారు?

సాయంత్రం మేడమ్ ఇంటికెళ్ళాక, ఊడ్చి తాళం వేసే పని లైటమ్మదే. ఆ సందు చూసుకుని అక్కని లోపలికి తీసుకొచ్చేది. ట్యూబులైటు వేస్తే వెలుతురు గాజు తలుపుల్లోంచి రోడ్డు మీదికి పడుతుంది, ఎవరైనా చూసి మేడమ్ చెవిన వేస్తారు. అందుకని తెర లాగి, ఎర్రలైటు ఒక్కటే వేసేది. ఆ వెలుతుర్లోనే కట్టు విప్పేది, ఆ వెలుతుర్లోనే పుండు తుడిచి మందు రాసేది, ఆ వెలుతుర్లోనే మోకాలి కిందిదాకా కొత్త కట్టు కట్టేది. కళ్ళకి నల్ల అద్దాలతో అక్క వెల్లకిలా పడుకుని ఉండేది. ఇంటిదగ్గర కట్టు విప్పొద్దని, గాలి తగిలితే చీము పడుతుందని కూడా లైటమ్మే తీర్మానించింది. డాక్టరమ్మ అయిపోయింది మరి.

"ఎర్రగా ఉందా?" అని పడుకునే అడిగేది అక్క. మందుల షాపతను ఎరుపు పాకితే ప్రమాదమని చెప్పాడు.

"లేదక్కా. తెల్లగా, శుభ్రంగా ఉంది."

అది అబద్ధం కాదు. రెండు కళ్ళతో చూసే చెప్పింది. అబద్ధమైనా బాగుండేది, అబద్ధం చెప్పేవాళ్ళకి నిజమేమిటో తెలిసి ఉంటుంది.

ఒక సాయంత్రం కట్టు కట్టించుకుంటూ, "మొత్తానికి నీ చేతిలోనూ ఏదో ఉందే" అంది అక్క. అంతే, లైటమ్మ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇన్నేళ్ళకి దొరికిన మెప్పు. ఇంటికి వెళ్తూ దారంతా వాగుతూనే ఉంది. అక్క వెనకపడిపోతోందని, చెప్పు సగమే తొడుక్కుని ఈడుస్తోందని గమనించలేదు.

తర్వాత అక్కకి చలి మొదలైంది. అన్నం సయించడం లేదంది. కట్టు దగ్గర ఏదో వాసన వస్తుంటే, మందు వాసనని సరిపెట్టుకుంది లైటమ్మ. ఒకసారి ఆసుపత్రికి పోయొద్దామా అని అక్క మెల్లిగా అడిగింది. జన్మలో ఎవరినీ దేనికీ అడిగి ఎరగని మనిషి, అనుమతి కోరినట్టు అడిగింది. ఇప్పుడు ఆపితే చేసిందంతా గంగపాలవుతుందని, తగ్గే ముందు ఒళ్ళు అలాగే ఉంటుందని లైటమ్మ కొట్టిపారేసింది. అక్క మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఒకరోజు జాకెట్టు కుడుతూ కుడుతూ అక్క మిషను మీదినుంచి పక్కకి ఒరిగిపోయింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఇరుగుపొరుగు సాయం పట్టి ఆసుపత్రికి చేర్చారు. అక్కడ పైన వరసగా తెల్లటి ట్యూబులైట్లు. నర్సు కత్తెరతో కట్టు కోసేసింది.

లైటమ్మ ఆ కాలిని మొదటిసారి చూసింది.

నడిమధ్య పసుప్పచ్చగా చీము పట్టింది. దాని చుట్టూ ఎరుపు, పాదం దాటి, చీలమండ దాటి, పిక్క మీదికి పాకిన ఎరుపు. రోజూ ఎంతమందికో తను పట్టి చూపించే అద్దం గుర్తొచ్చింది. ఊరందరినీ మోసం చేసే పనిముట్టుతో తనని తనే మోసం చేసుకుంది. ఛీ, ఏం బతుకు అనుకుంది.

డాక్టరు నాన్చలేదు. మోకాలి కింద తీసేయాలి, లేకపోతే మనిషి దక్కదన్నాడు. ఇన్నాళ్ళూ కట్టు మార్చింది ఎవరు, ఈ ఎరుపు కనపడలేదా అని అడిగాడు. మంచం మీదినుంచి అక్కే చెప్పింది.

"నేనే కట్టుకున్నానండీ. మా చెల్లెలు ఆసుపత్రికి పోదామని పోరుతూనే ఉంది. నేనే వినలేదు."

అంత జ్వరంలో ఉన్న అక్కనే డాక్టరు చెడామడా తిట్టాడు. చెల్లెలికున్న బుద్ధి నీకు లేకపోయిందే అన్నాడు. లైటమ్మ తలొంచుకుని విని, ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టింది.

అక్కని ఇంటికి తెచ్చారు. మిషను మీద దుప్పటి కప్పేశారు. లైటమ్మ మంచం పక్కన కూలబడి, మిగిలిన పాదం పట్టుకుని భోరుమంది. అందరి ముందూ నన్ను కడుపులో పెట్టుకుని కాపాడావక్కా అంది.

అక్క పాదం వెనక్కి లాక్కుంది.

"నిన్ను కాపాడాలని కాదు. దొంగచాటుగా పుండుకి లైటు వేశావని తెలిస్తే మీ మేడమ్ నిన్ను ఒక్క పూట ఉంచుతుందా? నేనింక మిషను తొక్కేది లేదు. ఇద్దరం తినాల్సింది నీ ఎర్రలైటు కూడే." గోడవైపు ఒత్తిగిలింది. "కట్టు మార్చడానికి నర్సు వస్తుంది. నువ్వు ముట్టుకోకు."

మర్నాడు లైటమ్మ పార్లర్‌కి వెళ్ళింది. ముఖమంతా కందిపోయిన కాలేజీ పిల్ల ఒకతె వచ్చింది. పడుకోబెట్టి, కళ్ళకి నల్ల అద్దాలు పెట్టి, ట్యూబులైటు ఆర్పింది. టైమరు మోగాక నల్ల అద్దాలు తీసింది.

"ఎరుపు తగ్గిందా అక్కా?" అంది ఆ పిల్ల.

లైటమ్మ చెయ్యి స్విచ్చి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇంట్లో అక్క ఒంటికాలితో అన్నానికి ఎదురుచూస్తూ ఉంటుంది.

"తగ్గిందమ్మా. తెల్లగా, శుభ్రంగా ఉంది" అని, లైటు ఆపకుండానే అద్దం తీసి ఆ పిల్ల చేతికిచ్చింది.