మడత గదిలో అడుగులు

ఆస్పత్రిలో చేరి బయటపడ్డవాడు డాక్టరును పదికాలాలు తలుచుకుంటాడు. నర్సమ్మ మంచిదో, చిర్రుబుర్రులాడేదో కూడా చెప్పగలడు. ఒంటి కింద పరిచిన తెల్ల దుప్పటి ఎవరు మడిచారని అడగండి, నోరు వెళ్లబెడతాడు. ఆ మడిచిన చేతుల సంగతే ఈ కథ. నిజానికి చేతులకన్నా కాళ్ల సంగతి.

ఆ పెద్దాస్పత్రి వెనక భాగంలో లాండ్రీ ఉంది. ఆరబెట్టే యంత్రాల్లోంచి వేడివేడిగా వచ్చిన దుప్పట్లను పక్కగదిలో మడత పెడతారు. అక్కడ పన్నెండుమంది ఆడవాళ్లు. అందరిలోకీ పాతకాపు పెద్దక్క, నలభై ఏళ్ల సర్వీసు. దుప్పటి రెండు కొసలు తను పట్టుకుని, రెండు కొసలు ఎదుటి మనిషికిచ్చి, ఒక్క దులుపు దులిపి, "ఒకటీ, రెండూ, మూడూ, కలుపు" అంటూ మూడడుగులు ముందుకు వేసేది. ఎదుటి మనిషీ అలాగే వచ్చి కొసలు కలిపేది. "ఒకటీ, రెండూ, మూడూ, తిరుగు" అంటే ఇద్దరూ ఒక్క తిప్పు తిరిగి వెనక్కి నడిచేవారు. నడుము వంచే పనే లేదు, బరువంతా కాళ్లే మోసేవి. కొత్తగా చేరినవాళ్లకు ముందు అడుగు నేర్పి, ఆ తర్వాతే మడత నేర్పేది. ఆరు జతలూ ఒకే లెక్కకు కదులుతుంటే గుట్టలకొద్దీ దుప్పట్లు ఇట్టే కరిగిపోయేవి.

అక్కడి సూపర్‌వైజరు మడత అంగుళం అటూ ఇటూ అయినా ఊరుకోడు. అందుకే ఆడవాళ్లు చాటుగా ఆయనకు కొలబద్ద అని పేరు పెట్టుకున్నారు. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే పై అధికారి నవ్వితే నవ్వేవాడు, దగ్గితే దగ్గేవాడు.

ఒకనాడు ఆ పై అధికారి తనిఖీకి వచ్చి, మడత గది గుమ్మంలో నిలబడి, "ఏమయ్యా, ఇక్కడ జరిగేది పనా, డాన్సు ప్రోగ్రామా?" అని నవ్వి వెళ్లిపోయాడు. నవ్వినవాడు వరండా దాటకముందే ఆ సంగతి మరిచిపోయాడు. కొలబద్దకు మాత్రం తల కొట్టేసినట్టయింది. గదిలోకి వచ్చి పెద్దక్కను అందరి ముందూ నిలబెట్టాడు.

"నీకు జీతమిచ్చేది ఒళ్లు ఊపుకోడానికి కాదు. ఈ వయసులో ఈ కులుకులేమిటి? సిగ్గుగా లేదూ?"

 పెద్దక్క చేతిలో దుప్పటి పక్కనున్న గుట్టమీద పెట్టి తలదించుకుంది. మర్నాడే ఆమెను మాసిన బట్టలు ఏరే గదికి మార్చేశాడు. మడత గదిలో బల్లలు వేయించాడు. ఎవరి బల్ల దగ్గర వాళ్లు కదలకుండా నిలబడి పనిచెయ్యాలనీ, లెక్కలూ రాగాలూ కూడదనీ గోడకు కాగితం అంటించాడు.

నెల తిరక్కుండానే మిగిలిన పదకొండుమందికీ నడుములు పట్టేశాయి. బల్లమీదికి వంగి వంగి సాయంత్రానికి నిటారుగా నిలబడలేకపోయేవారు. మడతలు సగానికి పడిపోయి, పైవార్డుల్లో రోగులు దుప్పటి లేని పరుపుల మీద పడుకోవలసి వచ్చింది. ఒకామె ధైర్యం చేసి పాత పద్ధతే నయమని చెప్పబోయింది. "ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు" అని కసిరి పంపాడు కొలబద్ద.

ఇంతా చేసి, ఆయన కూతురు డాన్సు నేర్చుకుంటోంది. పదకొండేళ్ల పిల్ల. ఇరుగూ పొరుగూ కనబడితే చాలు, "కళ అబ్బడమంటే మాటలా! రాసిపెట్టి ఉండాలి" అని గుండె విరుచుకు చెప్పేవాడు. ఆ డాన్సు స్కూలు వార్షికోత్సవానికి పై అధికారిని ముఖ్య అతిథిగా తీసుకొస్తానని టీచరుకు మాటిచ్చింది కూడా ఆయనే.

వారం ముందు కూతురు ఒక ఆహ్వానపత్రం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఇది పెద్దక్కకి ఇవ్వు నాన్నా. మొదటి వరసలో కూచోబెట్టాలి" అంది. సెలవుల్లో తండ్రి పని అయ్యేదాకా ఆ పిల్ల మడత గదిలోనే కూర్చునేది, అలా చనువు. ఎందుకు పిలుస్తున్నదీ మాత్రం చెప్పలేదు.

పై అధికారి పక్కన మాసిన బట్టలు ఏరే మనిషా? కొలబద్దకు ఊహకే చెమటలు పట్టాయి. పత్రాన్ని సొరుగులో పడేసి, ఆవిడకు తీరిక లేదుట అని పిల్లతో అబద్ధమాడాడు. పిల్ల ముఖం వాడిపోయింది. చిన్నపిల్ల, రెండు రోజుల్లో అదే మరిచిపోతుందిలే అని సర్దిచెప్పుకున్నాడు.

ఉత్సవం రోజున హాలు కిటకిటలాడింది. తాము కళ్లారా చూసిన ఒక పనివాడి కదలికను తెచ్చి నాట్యం చెయ్యమని పిల్లలకు చెప్పాననీ, అది ఎవరిదో చివర్లో వాళ్లే చెబుతారనీ టీచరమ్మ ప్రకటించింది. ఒకడు ఇటుకలందించే తాపీమేస్త్రీ అడుగు వేశాడు, ఒకమ్మాయి పడవ తోసే తాత అడుగు వేసింది. కూతురి వంతు వచ్చింది. స్నేహితురాలితో కలిసి తెల్ల దుప్పటి పట్టుకుని వేదిక మీదికి వచ్చింది.

కొలబద్ద అందరికన్నా ముందు చప్పట్లు మొదలుపెట్టాడు. అంతలో పిల్లలు లెక్క అందుకున్నారు. "ఒకటీ, రెండూ, మూడూ, కలుపు." ఆయన చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"అద్భుతమయ్యా, ఇంత చక్కటి అడుగు నేనెక్కడా చూడలేదు" అన్నాడు పక్కనున్న పై అధికారి. తను గుమ్మంలో నిలబడి నవ్విందీ ఆ అడుగును చూసేనని ఆయనకు గుర్తేలేదు.

నాట్యం ముగిశాక పిల్ల మైకు దగ్గరికి వచ్చింది. "ఇది మా నాన్న పనిచేసేచోట దుప్పట్లు మడిచే పెద్దక్క అడుగు. అందరికీ నడుం నొప్పి రాకుండా ఆవిడే కనిపెట్టారు. నాకూ ఆవిడే నేర్పారు. ఇవాళ రమ్మని పిలిచాను, తీరిక లేదని నాన్నతో చెప్పారట. ఈ చప్పట్లు ఆవిడవి."

హాలంతా మోగిపోయింది. కొలబద్ద తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. "ఎవరయ్యా ఆ పెద్దక్క? మన దగ్గర ఏం చేస్తోంది?" అని పై అధికారి అడిగితే, పిల్లను తీసుకురావాలంటూ లేచిపోయాడు.

ఇంటికి నడిచి వెళ్తుంటే కూతురు అడిగింది. "నాన్నా, పెద్దక్క నిజంగా తీరిక లేదన్నారా?"

ఇంకో అబద్ధం ఆడటం ఎంతసేపు? కానీ ఈసారి ఆడలేకపోయాడు. "నేను అసలు చెప్పలేదమ్మా" అన్నాడు. పిల్ల ఏడవలేదు, పోట్లాడలేదు. ఆయన చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుని ఇల్లు చేరేదాకా రోడ్డుకు అవతలి అంచున నడిచింది. అంత సిగ్గు ఆయన జన్మలో ఎరగడు.

పొద్దున్నే మాసిన బట్టల గదికి వెళ్లాడు. పెద్దక్క ముక్కుకు గుడ్డ కట్టుకుని మూటలు విప్పుతోంది. ఎదట నిలబడడానికే ఆయనకు ముఖం చెల్లలేదు. జరిగిందంతా దాచకుండా చెప్పి, మళ్లీ మడత గదికి రమ్మని వేడుకున్నాడు.

 పెద్దక్క బట్టలు ఏరుతూనే నెమ్మదిగా అంది. "మీరు అనేదాకా అది డాన్సని నాకు తెలీదు సార్. చేరిన కొత్తల్లో నడుం పట్టేసి, ఇంటికెళ్తే బిడ్డనెత్తుకోలేకపోయేదాన్ని. అడుగేస్తూ మడిస్తే నొప్పి తగ్గింది, అంతే. మీరు సిగ్గుగా లేదూ అన్నారు. ఆ మాట లోపల కూచుండిపోయింది. మొన్న నా మనవరాలి పెళ్లి. చిన్నా పెద్దా అందరూ ఆడుతున్నారు, నన్నూ చెయ్యి పట్టి లాగారు. కాలు కదిలితే ఒట్టు. ఈ వయసులో కులుకులేమిటంటారని గోడవార కూచున్నా. అమ్మమ్మ ఆడలేదని పెళ్లికూతురు కళ్లనీళ్లు పెట్టుకుంది."

ఆ పెళ్లి మళ్లీ జరగదు. కొలబద్ద కళ్లు తుడుచుకుని ఆమెను మడత గదికి తీసుకెళ్లాడు. గోడమీది కాగితం చించేసి, పదకొండుమంది ముందూ చేతులు జోడించాడు.

"మా అమ్మాయి వేదిక మీద ఆడితే కళ అన్నాను. మీరు పనిలో ఆడితే కులుకన్నాను. నడుములు కాపాడే అడుగును, కూలివాళ్ల అడుగు గనక నేను గుర్తుపట్టలేదు. ఆరోజు సిగ్గుపడాల్సింది మీరు కాదు పెద్దక్కా, నేను."

 ఒకామె దుప్పటి తెచ్చి రెండు కొసలు పెద్దక్క చేతికిచ్చింది. అందరూ లెక్క అందుకున్నారు. పెద్దక్క పాదం లేవలేదు. మళ్లీ లెక్కపెట్టారు, మళ్లీ లేవలేదు. గుమ్మం పక్కన నిలబడ్డ కొలబద్ద తలెత్తి చూడలేకపోయాడు.

చదువరులారా, వేదిక మీద మనం చప్పట్లు కొట్టే ప్రతి అడుగూ ఒకప్పుడు ఎవరో కష్టపడుతూ వేసిందే. ఆ కష్టజీవి అడుగును ఎగతాళి చేసి ఆపడానికి ఒక్క మాట చాలు. ఆగిన కాలిని మళ్లీ కదిలించడానికి వంద క్షమాపణలు కూడా చాలవు.