నాయనకు వదిలిన చరణం

మా ఇంటివాళ్ళకు ఒక పిచ్చి ఉంది. సత్యవేడు పక్కన మా ఊరి ద్రౌపదమ్మ గుడిలో, భారతం ఉత్సవాల్లో తెల్లవారుజామున అమ్మవారిని మేలుకొలిపేది మా నాదస్వరమే. ఆ పాటలో ఒక చరణం దగ్గర నాదస్వరం దించి ఊరుకోవాలి. చనిపోయిన మా ఇంటి పెద్ద, అంతకుముందు అక్కడ వాయించినవాడు, వచ్చి ఆ చరణం వాయిస్తాడట. డోలు మాత్రం ఆగకూడదు.

నాయన దించినప్పుడల్లా కళ్ళు మూసుకుని నవ్వుకునేవాడు. తాత ఆయనకు వినపడుతున్నాడనే అనుకునేదాన్ని. తిరుపతిలో సంగీతం చదువుకొచ్చిన నాకు ఒళ్ళు మండేది.

"పాట మధ్యలో ఈ చిల్లేంది నాయనా?"

"నీకూ ఒకరోజు కావాల్సొస్తుందిలే ధరణీ."

కావలసొచ్చింది. పోయినేడు నాయన పోయాడు. అప్పటినుంచి ఏ పెళ్ళిలో వాయించినా, "అచ్చం మీ నాయన చిన్నబ్బ వాయించినట్టే ఉండాది" అని జనం మెచ్చుకుంటుంటే ఏడుపొచ్చేది. అచ్చం ఎవరికి కావాలి? నాకు ఆయనే కావాలి, ఒక్కసారి.

సంవత్సరీకం అయ్యాక వచ్చిన ఈ ఉత్సవంలో మేలుకొలుపు నా వంతు. నాయనకు ఎప్పుడూ డోలు వాయించిన మా మేనమామ దేవరాజే నా పక్కన కూర్చున్నాడు.

"బయపడొద్దమ్మీ. దించు, అంతే" అన్నాడు.

ఆ చరణం వచ్చింది. దించాను.

ఏమీ లేదు. ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించాను. రా నాయనా, ఇంతమందిలో నన్ను చిన్నబుచ్చొద్దు అని మనసులో తిట్టాను కూడా. మామ మాత్రం నాయన కూర్చునే వైపు చూస్తూ, తలాడిస్తూ వాయిస్తున్నాడు. ఒకచోట చెయ్యి నెమ్మదించి, ఎవరో ఊపిరి తీసుకునేదాకా కాచుకుని మళ్ళీ అందుకున్నాడు.

తర్వాత నన్ను వాయించమని సైగ చేశాడు. మిగతా పాట ఎలా పూర్తి చేశానో నాకే తెలియదు.

గుడి బయటికి రాగానే మామ చెయ్యి పట్టుకున్నాను.

"నాయన వచ్చినాడా?"

"వచ్చినాడు. బాగా వాయించినాడు."

"మరి నాకేల ఇనబళ్ళా మామా? కూతుర్ని కదా నేను." ఏడుపు ఆపుకోలేకపోయాను.

మామ డోలు కింద పెట్టి, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"మీ నాయనకు మాత్రం ఎప్పుడు ఇనబడినాది? ప్రతి ఏడూ ఈడికొచ్చి, ఇట్లనే నా చెయ్యి పట్టుకుని అడిగేవాడు, మా నాయన వచ్చినాడా దేవరాజూ అని. వచ్చినాడనే చెప్తావుంటి."