గంజితో అంటించిన మాటలు

రత్నం నవ్వడం మొదలుపెడితే ఒక పట్టాన ఆపదు. ఆ మధ్యాహ్నం కూడా వరండాలో బోర్లా పడుకుని, పక్క క్వార్టరు వదినగారు మైతీ బౌదీ చదివి ఇమ్మని ఇచ్చిన బెంగాలీ బొమ్మల పుస్తకం ముందేసుకుని, కాళ్ళు గాల్లో ఆడిస్తూ ఒకటే నవ్వు. లోపల అన్నం వారుస్తున్న సింహాచలమ్మకు చేతిలో పని నిలవలేదు. గిన్నెను అలాగే వాల్చి వదిలేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూతురి భుజం మీదుగా తొంగిచూసింది.

బొమ్మలో ఒక కాకి. తలపాగా చుట్టుకుని పిల్లి నెత్తిన కూర్చుంది. వెనకాల పెళ్ళిపందిరి, వరసగా విస్తళ్ళు. బొమ్మ బాగానే ఉంది. కానీ అంత నవ్వు అందులో ఎక్కడ దాక్కుందో ఆమెకు దొరకలేదు.

“ఏటే అంత నవ్వు? నాకూ సెప్పు.”

“కాకి ఏటందో సూడు!” రత్నం కాకి ముక్కు పక్కనున్న గుండ్రటి గీతలోని అక్షరాల మీద వేలు పెట్టింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు వేలు తీసేసింది. “నీకు తెల్దులే అమ్మా.”

ఎగతాళిగా అనలేదు. వాన పడుతోందని చెప్పినంత మామూలుగా అంది. అదే సింహాచలమ్మను కుదురుగా కూర్చోనివ్వలేదు.

పాలకొండ దగ్గర పల్లె నుంచి పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చిన కొత్తలో ఆమెకు బెంగాలీ ఒక్క ముక్క వచ్చేది కాదు. ఇప్పుడు గోల్‌బజార్‌లో చేపలవాడితో బేరమాడితే వాడే దండం పెడతాడు. మాట వచ్చింది గానీ అక్షరం రాలేదు. తీగ మీద ఆరేసిన బట్టల్లా వేలాడే ఆ అక్షరాల్లో ఏది పంచో ఏది పావడో ఆమెకు తెలియదు.

రత్నం చిన్నగా ఉన్నప్పుడు ఆ బాధ ఉండేది కాదు. ఎవరి దగ్గర ఏ బొమ్మల పుస్తకం దొరికినా పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పేజీలు తిప్పుతూ నోటికొచ్చిన కథ చెప్పేది. ఒకే ఏనుగు ఒకరోజు అత్తారింటికి వెళ్ళేది, మర్నాడు రైలు తప్పిపోయేది. పిల్ల ఏనాడూ అదేమిటని అడగలేదు. ఆ పుస్తకాలన్నీ అప్పుడు తనవే. దగ్గర్లో ఉంది కదా అని మొగుడు జగ్గారావు పిల్లను బెంగాలీ బడిలో వేశాక, అక్షరాలు వచ్చి పుస్తకాలను లాగేసుకున్నాయి. ఇప్పుడు ఒకే చాప మీద కూర్చున్నా, పిల్ల వేరే గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నట్టు ఉంటోంది. లోపలి నుంచి నవ్వు మాత్రం వినబడుతుంది.

వాల్తేరు నుంచి తెప్పించిన తెలుగు వాచకం ట్రంకుపెట్టె మీద దుమ్ము పట్టి ఉంది. దాన్ని తెరిస్తే చాలు, రత్నానికి ఆవులింతలు వస్తాయి.

వర్క్‌షాపు నుంచి జగ్గారావు రాగానే టీ గ్లాసు చేతికిచ్చి ఆ మాటే ఎత్తింది.

“తెలుగు రాకపోతే ఏటయిపోద్దే? రేపు ఉజ్జోగం సేసినా ఈ ఊర్లోనే కదా,” అన్నాడు అతను టీ ఊదుకుంటూ.

“ఉజ్జోగం గురించి ఎవులన్నారండీ? నవ్వు గురించి అంతన్నాను.”

“నవ్వుకేటొచ్చింది? నవ్వుతానే ఉంది కదా గుంట.”

“దాంతోపాటు నానూ నవ్వాల కదా!”

జగ్గారావు ఆమెను వింతగా చూసి, ఇంకాస్త పంచదార అడిగాడు.

మర్నాడు వంకాయలు తరుగుతూ, కాకి పుస్తకం పైకి చదవమంది. రత్నం గడగడా చదివింది. పిలవని పెళ్ళికి కాకీ పిల్లీ భోజనానికి బయల్దేరిన కథ. చెవితో వింటే సింహాచలమ్మకు చాలావరకు అర్థమైంది. మిగతాది రత్నం విడమరిచి చెప్పింది. కానీ విడమరిచేసరికి నవ్వు చప్పబడిపోయేది. పిల్ల అప్పటికే మూడో బొమ్మ దగ్గర నవ్వుతుంటే ఆమె ఇంకా మొదటిదాని దగ్గరే ఉండేది. బస్సు వెనకాల పరిగెత్తినట్టుంది ఆమెకు.

ఆ మధ్యాహ్నమే పాత క్యాలెండరు కాగితం వెనకవైపు తెల్లగా ఉన్నచోట సన్నటి ముక్కలు కత్తిరించింది. కాకికీ పిల్లికీ తెలుగులో మాటలు రాసింది. పుస్తకాల తెలుగు ఆమెకు అంతగా రాదు, తనకొచ్చిన మాటే రాసింది. వార్చిన గంజి వేలితో తీసుకుని ఆ ముక్కల్ని బెంగాలీ మాటల మీద అంటించింది. పుస్తకం తమది కాదన్న సంగతి మరిచిపోలేదు. బౌదీకి ఆమె నాన్న చిన్నప్పుడెప్పుడో కొనిపెట్టిన పుస్తకం అది. అయితే గంజి పెట్టిన చీరను నీళ్ళలో ముంచితే గంజి వదిలిపోతుంది కదా. తిరిగిచ్చే ముందు తడిగుడ్డతో తుడిచేస్తే సరి అనుకుంది.

బడి నుంచి వచ్చిన రత్నం పుస్తకం తెరిచి నోరెళ్ళబెట్టింది. “ఎవులు రాసినారు?”

“కాకినే అడుగు.”

రత్నం వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఒత్తుల దగ్గర ఆగి ఆగి చదివింది. “ఓ…లమ్మ… నా తల…పాగా సూసి… నన్నే పెల్లికొడు…కనుకుంతన్నారు!” ఫక్కున నవ్వింది. “అమ్మా, కాకి నీలాగే మాటాడతంది!”

ఆ రోజు నుంచి రోజుకో పేజీ. వాచకానికి కదలని పిల్ల, తర్వాత కాకి ఏమంటుందో తెలుసుకోవాలని గంజి ఆరకుండానే పుస్తకం లాక్కునేది. సింహాచలమ్మ మాత్రం కుదుటపడలేదు. రేపటి పేజీలో పిల్లితో ఏమనిపించాలా అని పప్పు మాడ్చింది. అయిపోయిన పుస్తకాన్ని ట్రంకుపెట్టె వెనక దాచి, బౌదీ గొంతు వినబడినప్పుడల్లా ఉలిక్కిపడేది. వానాకాలమంతా అలాగే గడిచింది.

పూజా సెలవులకు అక్క పిల్లలు వస్తున్నారని బౌదీ గోడ మీదుగా పుస్తకం అడిగింది. సింహాచలమ్మ తడిగుడ్డ పట్టుకుని ట్రంకుపెట్టె వెనక చెయ్యి పెట్టింది. పుస్తకం తెరిచింది.

బొద్దింకలు గంజి కోసం వచ్చి కాగితం కూడా తినేశాయి. బొమ్మలు బాగానే ఉన్నాయి. మాటలున్న చోటల్లా చిల్లులు. తెలుగూ లేదు, కింద బెంగాలీ కూడా లేదు. కాకి నోటి ముందున్న చిల్లులోంచి తర్వాతి పేజీలోని పిల్లి తోక కనబడుతోంది.

దాచి లాభం లేదని రత్నాన్ని వెంటబెట్టుకుని వెళ్ళి పుస్తకం బౌదీ చేతిలో పెట్టింది. బౌదీ పేజీలు తిప్పుతుంటే సింహాచలమ్మకు వచ్చిన బెంగాలీ అంతా ఎగిరిపోయింది.

“నానేటి సేసినాను బౌదీ? గంజే కదా! నీల్లకి పోద్దనుకున్నాను!”

రత్నం తల వంచుకుని ఆ మాట బెంగాలీలో చెప్పింది.

“ఛి ఛి, రత్నార్ మా,” అంది బౌదీ, రత్నం వాళ్ళమ్మా అని ఎప్పుడూ పిలిచినట్టే. మిగతాదీ బెంగాలీలోనే అంది. “అంటించే జిగురులో కాస్త మైలుతుత్తం కలిపితే పురుగు ముట్టదని బళ్ళో పిల్లలకి కూడా తెలుసు. అయినా నువ్వెందుకు ముట్టుకున్నావు? చదవమని అడిగితే రోజూ నేనే చదివి చెప్పేదాన్ని కదా!” కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆమెకు. “మా నాన్న ఇచ్చిన పుస్తకం,” అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

చదివి చెప్పేవాళ్ళు కాదు తనకు కావలసింది అని సింహాచలమ్మ అనుకుంది. కానీ ఆ తలుపు ముందు అలా అనుకోవడానికి కూడా సిగ్గేసింది.

“బౌదీ ఇంక పుస్తకాలియ్యదు,” అంది రత్నం ఇంటికొచ్చాక. “నీవల్లే.”

తర్వాత ఆ పిల్ల నోట నవ్వు లేదు. సింహాచలమ్మ ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చింది. గోల్‌బజార్ వెళ్ళి పుస్తకాల కొట్లన్నీ తిరిగి కాకి, పిల్లి, పెళ్ళి అని చేతులు తిప్పి చెప్పింది. కొట్టువాళ్ళు నవ్వారు తప్ప పుస్తకం ఎవరి దగ్గరా లేదు. వచ్చాక చూసుకుంటే కూరలు తేవడం మరిచిపోయింది. ఇన్నాళ్ళూ దొరికే పుస్తకాలనే పిల్ల దగ్గర్నుంచి తనే లాగేసింది. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా లేచి నిలబడేది, మళ్ళీ కూర్చునేది.

ఒక మధ్యాహ్నం రత్నం వరండాలో బోర్లా పడుకుని ఏదో గీస్తోంది. కత్తిరించగా మిగిలిన క్యాలెండరు కాగితం అది. తల్లి అడుగుల చప్పుడు విని చెయ్యి అడ్డం పెట్టింది.

“రాకు! అవలేదు!”

సింహాచలమ్మ వెనక్కి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా గరిటె తిప్పింది. ఉండబట్టలేక మళ్ళీ వచ్చి తొంగిచూసింది. ఈసారి రత్నం చెయ్యి తీసేసింది.

బొమ్మలో ఒక కాకి చీర కట్టుకుని గంజిగిన్నె పట్టుకుంది. చీర అంచు తనదే, పెద్ద గళ్ళది. ఎదురుగా చిల్లుల పుస్తకం, దాని ముందు విస్తళ్ళేసుకుని వరసగా బొద్దింకలు. కాకి ముక్కు పక్కన గుండ్రటి గీతలో తెలుగు అక్షరాలు, వంకరటింకరగా. “నానేటి సేసినాను? గంజే కదా!”

సింహాచలమ్మకు మొహం వేడెక్కింది. వరసలో చివరనున్న లావుపాటి బొద్దింక పక్కన కూడా ఏదో రాసి ఉంటే వంగి చదివింది.

“ఉప్పు సాల్లేదు.”

ముందు ముక్కుతో గాలి వచ్చింది. తర్వాత ఆపుకోలేకపోయింది. గోడకు చేరగిలబడి, కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. రత్నం తల్లి మొహంలోకే చూస్తూ, అర్థమయిందని తేల్చుకున్నాక తనూ మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు, ఒకే మాట దగ్గర.

గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగింది. తలుపేసుకున్న దగ్గర్నుంచి ఒక్క మాట లేని బౌదీ గొంతు, కోపం తగ్గకుండానే, ఉండబట్టలేక అడిగింది. “కీ హోలో, రత్నార్ మా? ఏమైంది, అంత నవ్వెందుకు?”

నీకు తెల్దులే బౌదీ అన్న మాట సింహాచలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది. ఈ ఉప్పు సంగతి బెంగాలీలో విడమరిస్తే చప్పబడిపోతుందేమో, బౌదీ తమ మొహం మీదే తలుపేస్తుందేమో. అయినా కాళ్ళు నిలవలేదు. కాగితం తీసుకుని, రత్నం చెయ్యి పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా పక్కింటి గుమ్మం వైపు నడిచింది.